యంత్రంపై అప్పు – సరకుపై ధర

ఈ పుటలో రోజూ ధాన్యం, మిర్చి, పసుపు ధరలతోపాటు రాగి, అల్యూమినియం వంటి లోహాల ధరలు కూడా పాఠకులు చూస్తూ వుంటారు. రాబడులు, నిల్వలు, ఎగుమతి గిరాకీ, వర్షాలు – ధరల హెచ్చుతగ్గులకు ఇవి కారణాలని వర్తకులకు వేరే చెప్పనక్కరలేదు. అయితే ప్రతి సరకు ధరలోనూ పైకి కనిపించని ఖర్చు ఒకటి దాగి వుంటుంది. ఆ సరకును గనిలోనుంచి తవ్విన, లేదా పొలంలో కోసిన యంత్రంపై చెల్లించే వడ్డీయే అది. ఒకే యంత్రానికి ఒక దేశంలో వడ్డీ తక్కువగా, మరొక దేశంలో ఎక్కువగా ఎందుకు వుంటున్నది? ఈ తేడాను తగ్గించడానికి దేశాలు కలిసి చేసుకున్న నిబంధనలు ఏమిటి? వాటివల్ల ఎవరికి లాభం? ఈ విషయాలను ఇక్కడ పరిశీలిద్దాం.

కదలని సరకు, కదిలే యంత్రం

గుంటూరు కోల్డ్ స్టోరేజిలో మిర్చి టిక్కీలు నిల్వపెట్టి, ఆ రసీదుపై బ్యాంకులో అప్పు తీసుకోవడం మన వర్తకులకూ రైతులకూ అలవాటైన పద్ధతే. బ్యాంకు ఆ అప్పు ఇవ్వడానికి పెద్దగా వెనుకాడదు. సరకు ఎక్కడ వున్నదో దానికి తెలుసు. బాకీ తీరేవరకు సరకు గోదాము దాటి బయటకు పోదు. బాకీ తీరకపోతే అమ్ముకోవచ్చు. ఈ మూడు నమ్మకాలూ వున్నచోట వడ్డీ తగ్గుతుంది, అప్పు త్వరగా అందుతుంది.

యంత్రం సంగతి ఇలా కాదు. దానికి చక్రాలో, గొలుసులో వుంటాయి. పని ఎక్కడ వుంటే అక్కడికి పోతుంది. వరికోతల కాలంలో పంజాబునుంచి కోత యంత్రాలు మన జిల్లాలకు దిగడం చూస్తూనే వున్నాం. అప్పు ఇచ్చిన బ్యాంకు లూథియానాలో వుంటే, యంత్రం మిర్యాలగూడ పొలాల్లో వుండవచ్చు. అయినా ఆ బ్యాంకు భయపడదు. రెండుచోట్లా చట్టం ఒక్కటే. 1988 నాటి మోటారు వాహనాల చట్టం కింద రిజిస్ట్రేషన్ పుస్తకంలో అప్పు ఇచ్చినవారి పేరు నమోదై వుంటుంది. వారి అనుమతి లేకుండా యంత్రాన్ని మరొకరి పేరుకు మార్చడం కుదరదు.

ఆ యంత్రమే దేశ సరిహద్దు దాటితే ఏమవుతుంది? అసలు చిక్కు అక్కడ మొదలవుతుంది.

రాగి గనులవద్ద ఎదురయ్యే ప్రశ్న

ఆఫ్రికా మధ్యభాగంలో జాంబియా, కాంగో దేశాల మీదుగా రాగి ఖనిజం పరచుకొని వున్నది. ప్రపంచంలో రాగిని అధికంగా ఉత్పత్తి చేసే దేశాలలో కాంగో ఒకటి. మన ట్రాన్స్‌ఫార్మర్లలోనూ, వ్యవసాయ మోటార్ల వైండింగులోనూ వాడే రాగి ధర అటువంటిచోట్ల జరిగే తవ్వకంపైనే ఆధారపడి వుంటుంది. ఈ రెండు దేశాల మధ్య కసుంబలేసావద్ద సరిహద్దు ద్వారం వున్నది. ఖనిజం, ఇంధనం, యంత్రాలు ఆ దారిన రెండువైపులా పోతుంటాయి.

జాంబియాలోని ఒక కాంట్రాక్టరు అక్కడి బ్యాంకులో అప్పుచేసి పెద్ద ఎక్స్‌కవేటరు, రెండు డంపర్లు కొన్నాడనుకుందాం. కాంగో వైపున పని దొరికి వాటిని అటు తరలించాడు. జాంబియా పూర్వం బ్రిటిష్ పాలనలోను, కాంగో బెల్జియం పాలనలోను వున్నాయి. రెండింటి న్యాయ సంప్రదాయాలు వేరు. సాధారణంగా ఒక వస్తువుపై హక్కు ఎవరిదన్న ప్రశ్న వస్తే, ఆ వస్తువు ఏ దేశపు నేలమీద వున్నదో ఆ దేశపు చట్టం ప్రకారం తీర్పు చెప్పడం ఆనవాయితీ. కాబట్టి జాంబియాలో రాసుకున్న తాకట్టు పత్రాన్ని కాంగో కోర్టు గుర్తిస్తుందా? అక్కడ మరొక షావుకారు అదే యంత్రంపై అప్పు ఇచ్చి వుంటే ముందు హక్కు ఎవరిది? కాంట్రాక్టరు దివాలా తీస్తే యంత్రం తిరిగి చేతికి రావడానికి ఎన్నేళ్లు పడుతుంది?

అప్పు ఇచ్చే బ్యాంకు ఈ ప్రశ్నలను ముందుగానే వేసుకుంటుంది. జవాబు తెలియకపోతే మూడింటిలో ఏదో ఒకటి చేస్తుంది. వడ్డీ పెంచుతుంది. కొనేవాడు సొంతంగా పెట్టవలసిన వాటాను పెంచుతుంది. లేదా అప్పే లేదంటుంది.

సందేహానికి ఖరీదు ఎంత?

ఒక లెక్క వేసి చూద్దాం. ఇది ఊహకు తీసుకున్న ఉదాహరణ మాత్రమే. యంత్రం ఖరీదు కోటి రూపాయలు. కొనేవాడి వాటా 20 లక్షలు, అప్పు 80 లక్షలు, గడువు 5 సంవత్సరాలు. వడ్డీ 10 శాతమైతే నెల వాయిదా సుమారు 1 లక్షా 70 వేల రూపాయలు. 13 శాతమైతే సుమారు 1 లక్షా 82 వేలు. నెలకు తేడా 12 వేల రూపాయలు. అయిదేళ్లలో 7 లక్షల 23 వేల రూపాయలవరకు అదనపు భారం పడుతుంది.

ఆ యంత్రం నెలకు 10 వేల టన్నులు తవ్వితే ఈ భారం టన్నుకు రూపాయి ఇరవై పైసలు మాత్రమే. ఇంతేనా అని పాఠకులు అనుకోవచ్చు. నిజమే, ఒక్క యంత్రం లెక్కలో ఇది చిన్న మొత్తమే. కాని ఒక గనిలో ఎక్స్‌కవేటర్లు, డంపర్లు, బుల్‌డోజర్లు, డ్రిల్లింగు యంత్రాలు పదుల సంఖ్యలో వుంటాయి. ప్రతిదానిమీదా ఇదే తేడా పడుతుంది.

అంతకంటె ముఖ్యమైనది సొంత వాటా. సందేహం వున్న బ్యాంకు 20 లక్షలకు బదులు 40 లక్షలు పెట్టమంటుంది. పెద్ద కంపెనీకి ఇది సమస్య కాదు. దానికి ఇతర ఆస్తులు వుంటాయి, విదేశాలలో పేరు వుంటుంది. రెండు మూడు యంత్రాలతో బతికే చిన్న కాంట్రాక్టరుకు ఆ 20 లక్షల తేడాయే గోడ అవుతుంది. అతడు కొత్త యంత్రం కొనలేడు. తరచు మరమ్మతుకు వచ్చే పాత యంత్రంతో నెట్టుకొస్తాడు, లేదా కొన్నవాడి దగ్గర గంటల లెక్కన అద్దెకు తెచ్చుకుంటాడు. పని పెద్దవాళ్ల చేతికే పోతుంది.

వ్యవసాయంలో నష్టం మరోవిధంగా వుంటుంది. పంట పండిన పది పదిహేను రోజులలో కోత పూర్తికావాలి. యంత్రాలు తక్కువైతే వరుస ఆలస్యమవుతుంది. ఇంతలో వాన పడితే ధాన్యం తడుస్తుంది. కొనుగోలు కేంద్రంలో 17 శాతం తేమ దాటితే ఎదురయ్యే ఇబ్బంది మన రైతులకు అనుభవమే. ఇటువంటి నష్టం ఏ దేశపు రైతుకైనా ఒకటే. యంత్రానికి అప్పు దొరకని దేశంలో అది ప్రతి సంవత్సరమూ వస్తుంది.

కేప్‌టౌన్ ఒడంబడిక

ఈ సమస్యకు పరిష్కారంగా అన్ని దేశాలకూ ఒకే నిబంధనలు వుండాలన్న ప్రతిపాదనను 1988లో కెనడా ముందుకు తెచ్చింది. రోములోని యూనిడ్రాయిట్ అనే సంస్థ దీనిని చేపట్టింది. వివిధ దేశాల వాణిజ్య చట్టాలలో ఏకరూపత తేవడానికి 1926లో ఏర్పడిన సంస్థ ఇది. భారతదేశమూ ఇందులో సభ్యదేశమే. సుదీర్ఘ చర్చల తరువాత 2001 నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నగరంలో ఒడంబడిక ఖరారైంది. 80కి పైగా దేశాలు ఇందులో చేరాయి.

దీని నిర్మాణం సులభంగానే అర్థమవుతుంది. మూల ఒడంబడిక ఒకటి. ఒక్కొక్క తరహా యంత్రానికి ఒక్కొక్క అనుబంధ ప్రోటోకాల్. మొదటిది విమానాలకు సంబంధించినది. 2006 మార్చి 1న అది అమలులోకి వచ్చింది. రైలు ఇంజన్లు, వ్యాగన్లకు సంబంధించిన లక్సెంబర్గ్ ప్రోటోకాల్ 2007లో కుదిరినా, 2024 మార్చి 8న గాని అమలు మొదలు కాలేదు. అంతరిక్ష పరికరాలకు 2012లో బెర్లిన్‌లో మరొక ప్రోటోకాల్ కుదిరింది.

ఒడంబడికలో ప్రధానమైన సూత్రాలు మూడు.

మొదటిది, అందరూ చూడగల రిజిస్టరు. యంత్రంపై అప్పు ఇచ్చినవారు, లీజుకు ఇచ్చినవారు, బాకీ తీరేవరకు యాజమాన్యం తమవద్దే వుంచుకొని అమ్మినవారు తమ హక్కును అంతర్జాతీయ రిజిస్టరులో నమోదు చేసుకోవచ్చు. విమానాల రిజిస్టరు ఐర్లండులోని డబ్లిన్‌లో వున్నది. కంప్యూటరు ద్వారా ఇరవైనాలుగు గంటలూ పనిచేస్తుంది. రుసుము చెల్లించి ఏ దేశంవారైనా అందులో వెదకవచ్చు.

రెండవది, ముందు నమోదైనవారికే ముందు హక్కు. నమోదు కాని హక్కుకంటె నమోదైన హక్కు మిన్న. నమోదైన రెండింటిలో ముందు నమోదైనది మిన్న. మన రిజిస్ట్రారు ఆఫీసులో ఇ.సి. తీయించి భూమి కొనేవారికి ఇందులో ఆశ్చర్యం ఏమీ కనిపించదు. ఇ.సి. లేకుండా పొలం కొనమంటే ఎవరు కొంటారు? యంత్రానికి అటువంటి ఇ.సి. ఇంతకాలం లేకపోవడమే చిక్కు.

మూడవది, త్వరితమైన పరిహారం. బాకీదారు మాట తప్పితే యంత్రాన్ని స్వాధీనం చేసుకోవడం, అమ్మడం, అద్దె రాబడి వసూలు చేసుకోవడం వంటి మార్గాలు ఒడంబడికలోనే రాసి వున్నాయి. పూర్తి తీర్పు వచ్చేలోగా కోర్టు తాత్కాలిక ఉత్తర్వు ఇవ్వవచ్చు. దివాలా వచ్చినా నమోదైన హక్కు నిలుస్తుంది.

ప్రిటోరియా ప్రోటోకాల్

గనులు, వ్యవసాయం, నిర్మాణం – ఈ మూడు రంగాల భారీ యంత్రాలకు 2019 నవంబరు 22న దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో నాలుగవ ప్రోటోకాల్ ఖరారైంది. మన సరకుల మార్కెట్టుకు నేరుగా సంబంధించినది ఇదే.

ఏ యంత్రం దీనికిందికి వస్తుందో తేల్చడానికి వారు ఎంచుకున్న పద్ధతి మన వర్తకులకు వెంటనే అర్థమవుతుంది. జి.ఎస్.టి. బిల్లులో బియ్యానికి 1006 అని, ఎండుమిర్చికి 0904 అని హెచ్.ఎస్.ఎన్. సంఖ్య వేస్తున్నాం. ప్రపంచ కస్టమ్స్ సంస్థ నిర్వహించే, 1988 జనవరి 1నుంచి అమలులో వున్న వర్గీకరణే దీనికి మూలం. ప్రోటోకాల్‌లో యంత్రాల జాబితా ఈ ఆరంకెల సంఖ్యలతోనే తయారైంది. గుండ్రంగా తిరిగే పైభాగం వున్న ఎక్స్‌కవేటరుకు 8429.52, వరి, గోధుమ కోసి నూర్చే కంబైన్ హార్వెస్టరుకు 8433.51. ఏ రేవులో దిగినా యంత్రానికి సంఖ్య మారదు. భాష మారినా సంఖ్య మారదు. ఆ పైన తయారీదారు వేసిన సీరియల్ నంబరుతో ఫలానా యంత్రమని గుర్తిస్తారు.

జాబితాలు మూడు అనుబంధాలుగా వున్నాయి. ఒక దేశం కావాలనుకుంటే వ్యవసాయ యంత్రాలకు మాత్రమే, లేదా గనుల యంత్రాలకు మాత్రమే ఒప్పుకోవచ్చు. అమ్మకానికి డీలరు నిల్వపెట్టుకున్న యంత్రాలను మినహాయించుకునే వీలు కూడా దేశాలకు ఇచ్చారు.

ఈ ప్రోటోకాల్ అమలులోకి రావాలంటే 5 దేశాలు ధృవీకరించాలి, రిజిస్టరు సిద్ధమైనదన్న పత్రం దాఖలు కావాలి. 2024 చివరినాటికి ఈ షరతులు పూర్తికాలేదు. ఇది పూర్తిగా అమలైతే ప్రపంచ ఆదాయానికి ఏటా సుమారు 3,000 కోట్ల డాలర్ల మేలు జరగవచ్చునని, అందులో అధికభాగం వర్ధమాన దేశాలకే దక్కవచ్చునని చర్చల కాలంలో ఒక ఆర్థిక అంచనా వెలువడింది. అంచనాను అంచనాగానే తీసుకోవాలి. అది నిజం కావడానికి దేశాలు సంతకం చేస్తే చాలదు. ఈ మాట ఎందుకు అనవలసి వచ్చిందో మన దేశపు విమానాల అనుభవం చెబుతుంది.

మన అనుభవం నేర్పిన పాఠం

విమానాల ప్రోటోకాల్ వల్ల వడ్డీ భారం తగ్గుతుందన్నది ఊహ మాత్రమే కాదు. ఎగుమతి రుణాలపై పారిశ్రామిక దేశాలు చేసుకున్న అవగాహనలో, ఈ ఒడంబడికను సక్రమంగా అమలుచేసే దేశాల విమాన సంస్థలకు రుణ పూచీ ప్రీమియంలో 10 శాతం వరకు రాయితీ ఏర్పరచారు. నిబంధన పాటించే దేశానికి రొక్కంలో ప్రతిఫలం వుంటుందన్నమాట.

భారతదేశం 2008లో ఈ ఒడంబడికలో చేరింది. కాని దానికి అనుగుణంగా ప్రత్యేక చట్టం చేయలేదు. 2023 మే 2న గో ఫస్ట్ విమాన సంస్థ తానే దివాలా ప్రక్రియకు దరఖాస్తు చేసుకున్నది. మే 10న కంపెనీ లా ట్రిబ్యునల్ దానిని అనుమతించింది. మన దివాలా చట్టం ప్రకారం వెంటనే స్తంభన అమలులోకి వచ్చింది. సంస్థ చేతిలోని ఆస్తులను ఎవరూ తీసుకుపోరాదు. విమానాలను లీజుకు ఇచ్చిన విదేశీ కంపెనీలు తమ విమానాలు తమకు ఇప్పించమని కోరితే ఈ స్తంభన అడ్డు వచ్చింది. ఒడంబడికలో మన దేశం ఒప్పుకున్న గడువు రెండు నెలలు. విమానాలు మాత్రం దాదాపు ఏడాదిపాటు నేలపైనే వుండిపోయాయి. 2023 అక్టోబరు 3న కేంద్రం విమానాలను స్తంభననుంచి మినహాయిస్తూ నోటిఫికేషన్ ఇచ్చినా వివాదం తీరలేదు. చివరకు 2024 ఏప్రిల్ 26న ఢిల్లీ హైకోర్టు 54 విమానాల రిజిస్ట్రేషన్ రద్దుకు ఉత్తర్వు ఇచ్చింది.

ఆ తరువాతనే లోటును పూడ్చే చట్టం వచ్చింది. పౌర విమానయాన మంత్రిగా శ్రీకాకుళం పార్లమెంటు సభ్యుడు కింజరాపు రామ్మోహన్ నాయుడు 2025లో రాజ్యసభలో ప్రవేశపెట్టిన బిల్లును ఏప్రిల్‌లో ఉభయ సభలు ఆమోదించాయి. విమానాలలో హక్కుల విషయంలో ఒడంబడికకు ఇప్పుడు చట్టబలం వున్నది.

చేరిన ఏడాదికీ, చట్టం వచ్చిన ఏడాదికీ మధ్య 17 సంవత్సరాలు గడిచాయి. అప్పు ఇచ్చేవాడు సంతకాన్ని చూసి వడ్డీ తగ్గించడు. మాట తప్పినప్పుడు కోర్టు ఎన్ని రోజులలో ఏమి చేసిందో చూసి తగ్గిస్తాడు. ఒక సంస్థ విమానాలు చిక్కుబడితే ఆ దేశంలోని తక్కిన సంస్థలకు కూడా లీజు అద్దెలు పెరిగే ప్రమాదం వుంటుంది. రేపు ఎక్స్‌కవేటర్ల విషయంలోనైనా, హార్వెస్టర్ల విషయంలోనైనా జరిగేది ఇదే.

బాకీదారు మాటేమిటి?

ఇంతవరకు చెప్పినది అప్పు ఇచ్చేవాడి వైపునుంచి. వాయిదా ఒకటి తప్పగానే రాత్రికి రాత్రి ట్రాక్టరు తోలుకుపోయిన ఉదంతాలు విన్నవారికి, త్వరగా స్వాధీనం అన్న మాట వింటే గుండె గుభేలుమంటుంది. ఆ భయాన్ని తేలికగా తీసివేయరాదు.

ఒడంబడికలో ఇందుకు కొన్ని రక్షణలు వున్నాయి. స్వాధీనం, అమ్మకం వాణిజ్యపరంగా సమంజసమైన రీతిలో జరగాలి. బాకీ సక్రమంగా చెల్లిస్తున్నంతకాలం యంత్రాన్ని నిరాటంకంగా వాడుకునే హక్కు బాకీదారుకు వుంటుంది. కోర్టు అనుమతి లేకుండా యంత్రాన్ని పట్టుకోవచ్చునా, కూడదా అన్నది ప్రతి దేశమూ చేరేటప్పుడే ప్రకటించాలి. పనివారి జీతాలు, మరమ్మతు చేసినవారి బాకీ వంటివాటికి నమోదు లేకుండానే ముందు హక్కు వుండాలని కూడా దేశం ప్రకటించుకోవచ్చు.

అంటే రక్షణ ఎంత గట్టిగా వుండాలన్నది చాలావరకు చేరే దేశం చేతిలోనే వున్నది. గని కాంట్రాక్టరుకు బిల్లు రావడానికి మూడు నెలలు పట్టవచ్చు. రైతుకు రాబడి పంటకే వస్తుంది, నెల నెలా రాదు. వాయిదాల గడువు దీనికి తగినట్లు లేకపోతే ఎంత మంచి రిజిస్టరు వున్నా బాకీదారుకు మేలు జరగదు. వడ్డీ తగ్గింపు అతడిదాకా చేరకుండా మధ్యలోనే ఆగిపోయినా అంతే.

గమనించవలసిన అంశాలు

లోహాలు, ధాన్యాల ధరలను గమనించే వర్తకులు ఇకపై మరొక విషయం కూడా గమనించడం మంచిది. ప్రిటోరియా ప్రోటోకాల్‌ను ధృవీకరించే దేశాలేవి? వాటిలో గనులు, పంట భూములు అధికంగా వున్నవి ఎన్ని? అవి దివాలా చట్టాలను, కోర్టు గడువులను అందుకు తగినట్లు సవరించుకుంటున్నవా? ఈ మార్పుల ఫలితం మరునాటి ధరలో కనిపించదు. యంత్రాలు చేరి, తవ్వకం పెరిగి, సరకు రేవుకు వచ్చేసరికి కొన్నేళ్లు పడుతుంది.

మన దగ్గరా చీమకుర్తి గ్రానైటు క్వారీలోని ఎక్స్‌కవేటరైనా, సింగరేణి ఓపెన్‌కాస్టులో మట్టి తీసే కాంట్రాక్టరు డంపరైనా, ఎక్కువభాగం అప్పుపైనే నడుస్తున్నది. సెకండ్‌హాండ్ యంత్రం కొనేవారు ధర మాట్లాడుకోవడానికి ముందు సీరియల్ నంబరు రాసుకొని, దానిపై ఎవరికి ఎంత బాకీ వున్నదో విచారించడం నేటికీ శ్రేయస్కరం. ప్రపంచ రిజిస్టరు వచ్చేవరకు ఈ పని ఎవరికి వారే చేసుకోవాలి.